రెండో కంట్రోలర్

“ఎలాగూ మనకి వండుతున్నావు కదా మార్తా, ఇంకో రెండు గ్లాసుల బియ్యం ఎక్కువ పోస్తే పోయేదేముంది?” అన్నాడు క్రిస్టో, ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని.

మార్తా బియ్యం కడుగుతోంది. పోయేదేమిటో చెప్పడానికి ఆమె తల తిప్పేలోపే అతను పెరుగు డబ్బా తీసుకుని హాల్లోకి వెళ్లిపోయాడు. చెప్పాలన్నా అది ఒక్క మాటలో తేలేది కాదు. రెండు గ్లాసుల బియ్యం ఎక్కువైతే చిన్న కుక్కర్ చాలదు, పై అరలోంచి పెద్ద గిన్నె దించాలి. అన్నం పెరిగితే పప్పు పెరగాలి, కూరకి ఇంకో నాలుగు వంకాయలు తరగాలి, పరాయి పిల్లలకి పెట్టే భోజనంలో వేపుడు లేకపోతే బోసిగా ఉంటుంది కాబట్టి బెండకాయలు కూడా తుడుచుకోవాలి. తర్వాత గిన్నెలు, పొయ్యి, గట్టు. పన్నెండింటికి మొదలైన శనివారం ఐదింటికి తేలేది. ఆ రెండు గ్లాసుల బియ్యంలో పడి ఆమె మధ్యాహ్నమంతా కొట్టుకుపోయేది.

అది రెండువేల ఇరవైమూడు సెప్టెంబరు. కెనడాలోని గ్వెల్ఫ్‌లో యూనివర్సిటీ సీటు సంపాదించడం కంటే అద్దెగది సంపాదించడం కష్టంగా ఉన్న రోజులు. తమ బేస్‌మెంట్ ఖాళీగా ఉందని క్రిస్టో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టిన సాయంత్రానికే నలభై ఫోన్లు వచ్చాయి. చివరికి ఇద్దరు అమ్మాయిలు చేరారు. ఒకమ్మాయి ఝాన్సీలక్ష్మి, అనంతపురం. రెండో అమ్మాయి రూప, కరీంనగర్. ఇద్దరూ మాస్టర్స్ చేయడానికి వచ్చారు. విమానం చీటీలు ఇంకా చింపని సూట్‌కేసులు రెండు చేతుల్లో పట్టుకుని మెట్లు దిగుతూ క్రిస్టో వాళ్లతో, “శని ఆదివారాలు వంట గురించి ఆలోచించకండమ్మా. మా మార్తా చేతి భోజనం తింటే ఇంటిమీద బెంగ సగం పోతుంది,” అన్నాడు. ఉతికిన బట్టల బుట్ట చంకన పెట్టుకుని మెట్ల పైన నిలబడిన మార్తాకి తన శని ఆదివారాల సంగతి ఆ పిల్లలతో పాటే తెలిసింది.

క్రిస్టో చెడ్డవాడు కాదు. అందరూ అనే మాటే అది, మార్తా కూడా ఒప్పుకునేది. పక్కింటి ముసలాయన వాకిట్లో మంచు కూడా తనే ఎత్తేవాడు. ఎయిర్‌పోర్టు నుంచి ఎవరిని తీసుకురమ్మన్నా వెళ్లేవాడు. ఎవరికీ కాదని చెప్పలేడు. అతను కాదనకుండా ఉండడానికి కావలసిన చాకిరీ మాత్రం మార్తా చేసేది. చర్చిలోనూ అంతే. వాళ్లు ఈ ఊరు వచ్చినప్పుడు తెలుగు ఆరాధనకి పదకొండు కుటుంబాలు వచ్చేవి. ఇప్పుడు వెనక వరసలన్నీ కొత్తగా దిగిన స్టూడెంట్లతో నిండిపోయి, నెలకోసారి పెట్టే భోజనం తొంభై పళ్లేలకి చేరింది. “మార్తమ్మ ఉందంటే కిచెన్ గురించి నాకు దిగులే లేదు,” అని పాస్టరమ్మగారు అందరి ముందూ అనేవారు. అది పొగడ్త కాబట్టి దానికి ఎదురుచెప్పే దారి ఉండేది కాదు. వారానికి మూడు రోజులు ఆమె రిసెప్షన్‌లో పనిచేసే పళ్ల క్లినిక్‌లో కూడా, లంచ్‌రూమ్‌లో మైక్రోవేవ్ ఎవరు పాడుచేసినా మేనేజర్ డోనా వచ్చి, “నువ్వు తుడిచినట్టు ఎవరూ తుడవలేరు మార్తా,” అనేది. ముప్పై నాలుగేళ్ల మనిషిని, బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివినదాన్ని, మూడు చోట్లా మెచ్చుకునేది గుడ్డ పట్టుకున్న చేతినే.

ఆ శనివారం ట్రేలో గిన్నెలు పెట్టుకుని మార్తా బేస్‌మెంట్ మెట్లు దిగింది. ఝాన్సీ గ్రోసరీ స్టోర్‌లో డ్యూటీకి వెళ్లింది. రూప ఒక్కతే చాప మీద కూర్చుని టీవీ వైపు ముందుకు వంగి ఉంది. మార్తాకి ముందు వినిపించింది చప్పుడు. దబ్‌మని ఒక దెబ్బ, వెంటనే ఒక చిన్న నిట్టూర్పు, మళ్లీ దెబ్బ. ట్రే అంచు మీద ఆమె కుడి బొటనవేలు దానంతటది కదిలింది.

తెరమీద ఇద్దరు కొట్టుకుంటున్నారు. రూప బొమ్మ గాల్లోకి ఎగిరింది, కింద నిలబడ్డవాడు పైకి ఒక్క గుద్దు గుద్దాడు. లేచి మళ్లీ ఎగిరింది, మళ్లీ తింది.

“ఊరికే ఎందుకలా ఎగురుతావు? నువ్వు ఎగిరితే కొడదామనే వాడు కింద కాచుకుని ఉన్నాడు,” అంది మార్తా.

రూప ఉలిక్కిపడి వెనక్కి చూసింది. “మీకీ గేమ్ తెలుసా ఆంటీ?”

“ఇది తెలీదు. దీని అమ్మమ్మ తెలుసు.”

రూప పకపకా నవ్వి, మంచం కింద చెయ్యి పెట్టి రెండో కంట్రోలర్ బయటికి లాగింది. “ఆడతరా?”

అన్నం చల్లారిపోతుందని అనబోయి మార్తా ట్రే కింద పెట్టింది. నచ్చిన బొమ్మని ఎంచుకోమంటే వరసగా చూసుకుంటూ పోయి, పొట్టిగా, లావుగా, చేతికర్ర పట్టుకుని నిలబడ్డ ఒక నడివయసు ఆడమనిషి దగ్గర ఆగింది. “కర్ర పిన్నినా!” అంది రూప, ఆ బొమ్మకి తను పెట్టుకున్న పేరుతో. ఆ బొమ్మని ఎవరూ తీసుకోరట. ఆట మొదలైంది. పదకొండు సెకన్లలో పిన్ని నేల మీద పడింది. రెండో రౌండు తొమ్మిది సెకన్లే పట్టింది. కర్ర ఎత్తమంటే పిన్ని వంగుతోంది, వెనక్కి రమ్మంటే ముందుకి వెళ్తోంది. తన వేళ్లు వేరే ఎవరి చేతికో అతికించినట్టు అనిపించింది మార్తాకి.

“ఎన్ని రోజులైంది ఆంటీ ఆడక?”

“తొమ్మిదేళ్లు.”

“ఇంకోటి ఆడదామా?” అంది రూప. ఈసారి కూడా జాలి చూపించలేదు. పోనీ పెద్దావిడ కదా అని ఒక్క రౌండన్నా వదల్లేదు. మెట్లెక్కి పైకి వస్తుంటే మార్తా మొహం వేడిగా ఉంది. చాలా కాలానికి ఎవరో తనని నిజంగా ఓడించారు. అదెందుకో ఆమెకి సంతోషంగా ఉంది.

కాకినాడ జగన్నాథపురంలో మార్తా నాన్న సంతోషం గారికి ఒకప్పుడు ఎస్టీడీ బూత్ ఉండేది. సెల్‌ఫోన్లు వచ్చి అది మూతపడే స్థితికి రాగానే ఆయన నాలుగు పాత టీవీలు, నాలుగు గేమ్ బాక్సులు తెచ్చి ఆ గదిలోనే వీడియో గేముల షాపు పెట్టాడు. బడి నుంచి వచ్చి కౌంటర్‌లో కూర్చోవడం మార్తా వంతు. ఖాళీ దొరికితే ఆడేది. పదమూడేళ్లకి మొదలుపెట్టి పదహారు వచ్చేసరికి ఆ చుట్టుపక్కల ఆమెని ఓడించేవాళ్లు లేరు. పాలిటెక్నిక్ కుర్రాళ్లు గుంపులుగా వచ్చి, గొప్పలు చెప్పుకుంటుంటే నాన్న చిల్లర లెక్కపెట్టుకుంటూ తల ఎత్తకుండా, “ముందు మా అమ్మాయిని ఓడించి అప్పుడు చెప్పండి,” అనేవాడు. ఒకసారి విశాఖపట్నంలో పోటీ పెడితే ముప్పైమంది మగపిల్లల్లో రెండోస్థానం తెచ్చుకుంది. ఇంటికొచ్చే బస్సులో నాన్న ఆ కప్పుని టవల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

పెళ్లయి హైదరాబాదు వెళ్లినప్పుడు ఆ షాపులోంచి ఒక గేమ్ బాక్సు కూడా తీసుకెళ్లింది. మొదట్లో క్రిస్టోకి సరదాగానే ఉండేది. స్నేహితులు వస్తే, “మా ఆవిడ రౌడీరా, జాగ్రత్త,” అనేవాడు. అందరూ నవ్వేవారు, ఆమె టీలు తెచ్చేది. అత్తగారు వచ్చి రెండు నెలలు ఉన్నప్పుడు, “ఆడది అలా ఎగిరెగిరి తన్నుతుంటే చూడ్డానికి బాగుందా? పాస్టరుగారు ప్రార్థనకొస్తే ఏమనుకుంటారు?” అంది. అత్తగారి కళ్లకి తెరమీద తన్నేది బొమ్మ కాదు, కోడలే. ఆవిడ ఉన్నన్నాళ్లూ టీవీ మీద గుడ్డ కప్పి ఉంచింది మార్తా. తర్వాత కడుపుతో ఉండి పుట్టింటికి వెళ్లి, మూడు నెలల ఏనీని ఎత్తుకుని తిరిగి వచ్చేసరికి టీవీ కింద ఆ చోటు ఖాళీగా ఉంది. క్రిస్మస్‌కి తమ్ముడి వరసవాడికి ఇచ్చేశానన్నాడు క్రిస్టో. “నువ్వెలాగూ ఆడట్లేదుగా. పాపతో ఇంక టైమెక్కడుంటుంది?” మార్తా ఖాళీ చోటు వంక కాసేపు చూసి, “పోనీలెండి,” అంది. ఆ మాట ఆమె నోటికి బాగా అలవాటైన కాలం అది. కష్టపెట్టిన విషయాల్లో ఇది పెద్దది కాదని తనకి తనే చెప్పుకుంది. నిజమే, పెద్దది కాదు. కానీ హైదరాబాదు నుంచి అమెరికాకి, అక్కడి నుంచి ఈ ఊరికి సామాన్లు సర్దిన ప్రతిసారీ, దేన్నో మర్చిపోయినట్టు అరలన్నీ రెండోసారి తీసి చూసేది.

మరుసటి సోమవారం క్లినిక్ లేదు. కాలేజీకి బయల్దేరుతున్న రూపని మార్తా మెట్ల దగ్గర ఆపింది. “నువ్వు క్లాసులో ఉన్నప్పుడు ఓ అరగంట నీ గదిలో కూర్చుని ఆడుకోవచ్చా?”

“మీ ఇల్లే గద ఆంటీ, నన్నడుగుతరేంది?”

“ఇల్లు మాది. గది నీదిగా.”

రూప ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, “అట్లయితే నాదొక షరతు. శనివారం నాతోటి ఆడాలె. ఒక్కదాన్నే కంప్యూటర్‌తోటి ఆడి ఆడి బోర్ కొడ్తాంది,” అంది.

ఏనీ బడి బస్సు మూడుంపావుకి వస్తుంది. అంతకుముందు ముప్పావుగంట బట్టలు మడతపెట్టే వేళ. సోమ, గురువారాలు మార్తా ఆ వేళని బేస్‌మెంట్‌కి తీసుకెళ్లింది. ఎదురు తిరగని బొమ్మని నిలబెట్టి సాధన చేసుకునే వీలు ఆ ఆటలో ఉంది. కిందికి, మూలకి, ముందుకి బొటనవేలు దొర్లించి గుద్దు బటన్ నొక్కితే పిన్ని కర్ర గుండ్రంగా తిప్పి కొడుతుంది. ఒకప్పుడు ఎవరితోనో మాట్లాడుతూ కూడా చేయగలిగింది ఇప్పుడు పదిసార్లలో నాలుగుసార్లే వచ్చింది. పిన్ని కుడివైపు నిలబడితే అంతా తలకిందులవుతుంది కాబట్టి అక్కడ పదికి ఒకటే. మార్తా వేరే ఏమీ ముట్టుకోకుండా రెండు వారాలు ఆ ఒక్క దెబ్బే కొట్టింది. బొటనవేలి మీద పొక్కు లేచి, చితికి, గట్టిపడింది. క్లినిక్‌లో ఫైళ్లు తిప్పుతుంటే ఆ గట్టి చర్మం కాగితానికి తగిలి గరగర్లాడేది. ఆమె పని ఆపి దాన్ని చూపుడువేలితో తడిమి చూసుకునేది. మడతపెట్టని బట్టలు సోఫా చివర కుప్పగా పెరిగాయి. “ఇవేంటి ఇలా ఉన్నాయి?” అన్నాడు క్రిస్టో. “ఉతికినవే,” అంది మార్తా. అతను కుప్పలోంచి తన చొక్కా వెతుక్కుని తొడుక్కున్నాడు. ఆకాశమేమీ ఊడిపడలేదు.

చేతులు దారికొచ్చాయి గానీ రూప చేతిలో ఓడటం మాత్రం ఆగలేదు. పదకొండు సెకన్లకి బదులు నిమిషం, ఒకటిన్నర నిమిషం పట్టేది. అంతే తేడా. నాలుగో శనివారం రూప కంట్రోలర్ చాప మీద పెట్టి ఆమె వైపు తిరిగింది.

“ఆంటీ, ఒకటి చెప్తే ఏమనుకోరు గదా? మీరు దెబ్బలు మస్తుగ ఆపుతున్నరు. నాకంటె మంచిగ ఆపుతున్నరు. కానీ ఆపినంక ఏం చేస్తలేరు. నేను పెద్ద దెబ్బ కొట్టిన, అది మీకు తగల్లేదు అనుకోండి. చెయ్యి వెనక్కి తీసుకునేదాంక నేనేం చేయలేను గదా. అది మీ వంతు. అప్పుడు మీరు కొట్టాలె. మీరేమో మళ్ల నేనెప్పుడు కొడ్తనా అని చూస్కుంట కూసుంటున్నరు.”

మార్తా పైకి వచ్చి, బీరకాయ చెక్కు తీస్తూ ఆ మాటనే తిరగేసుకుంది. జగన్నాథపురంలో ఆమె ఆట అలా ఉండేది కాదు. ఎదుటివాడు తడబడిన ఆ రెప్పపాటులోనే వాడి పని పట్టేసేది. కుర్రాళ్లు భయపడిందే దానికి. మరి ఈ కాచుకోవడం ఎక్కడ నేర్చుకుంది? సాధన చేయకుండా ఏదీ ఇంత బాగా రాదు. తొమ్మిదేళ్లు రోజూ సాధన చేసినట్టుంది. అత్తగారి గొంతు ఏ స్థాయిలో ఉందో విని, ఏ మాట రాబోతోందో ముందే పసిగట్టి, అది తగలకుండా పక్కకి జరగడం. క్రిస్టో ఫోన్‌లో, “అయ్యో, దానికేముంది, రండి రండి,” అంటుండగానే ఎంతమందో ఊహించి ఫ్రీజర్‌లోంచి చికెన్ బయటపెట్టడం. డోనా కుర్చీ జరిగిన చప్పుడుకే గుడ్డ చేతిలోకి తీసుకోవడం. అన్నిటినీ ఆపింది, ఏదీ గట్టిగా తగలనివ్వలేదు. అందుకే పెద్ద గాయాలేవీ లేవు. కానీ ఆపిన ప్రతిసారీ అవతలివాళ్లు ఊపిరి తీసుకునే ఆ కాసేపు, తను నోరు తెరవగలిగిన ఆ కాసేపు, తర్వాతి దెబ్బ కోసం ఎదురుచూస్తూ గడిపేసింది. ఎన్ని వంతులు వచ్చి వెళ్లిపోయి ఉంటాయో. బీరకాయ చెక్కంతా తీసేసి లోపలి గుజ్జు కూడా సగం చెక్కేసిందని అప్పుడు చూసుకుంది.

తర్వాత రెండు వారాలు ఇంకా ఘోరంగా ఓడింది. కొట్టడానికి వెళ్తే కాచుకోవడం తప్పేది. అయినా వెళ్లింది. క్లినిక్‌లో ఒకరోజు డోనా లంచ్‌రూమ్ గుమ్మంలో నిలబడి మైక్రోవేవ్‌లో ఏదో పేలిందని నవ్వుతూ చెప్పింది. చెప్పి, మామూలుగా మార్తా లేస్తుందని ఆగింది. ఆ ఆగడాన్ని మార్తా మొదటిసారి చూసింది. “ఈ వారం నా వంతు కాదు డోనా. ఎవరి వంతు ఎప్పుడో పట్టీ రాసి తలుపుకి అంటిద్దామా?” అంది. డోనా కనుబొమలు ఎత్తి, మంచి ఆలోచనే అని, తనే కాగితం తెచ్చింది.

అక్టోబరు చివరి శనివారం, ఝాన్సీ చిప్స్ పొట్లం పట్టుకుని చూస్తుండగా, మార్తా మొదటిసారి గెలిచింది. రూపకి భయం వేస్తే గాల్లోకి ఎగురుతుంది. మొదటిరోజు గుమ్మంలో నిలబడి చూసిందే అది. పిన్నిని రెండడుగులు ముందుకి నడిపి, రూప ఎగిరే క్షణానికి కర్ర పైకెత్తింది. మళ్లీ ఎగిరింది, మళ్లీ ఎత్తింది.

“అక్కో! కొట్టేసినావు కదా!” అని ఝాన్సీ చిప్స్ ఒలకబోసింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ ఆమె ఆంటీ కాదు, అక్క.

“సరే, ఇప్పుడు భోజనాలు తెస్తానుండండి,” అని మార్తా లేచింది. పిల్లలిద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

“అక్కా, నిజం చెప్పేదా?” అంది ఝాన్సీ. “మాకూ వండుకునేది వచ్చు. నాకు శనివారం ఒక్క పూటన్నా రాగి సంగటి కెలుక్కోవాలని ఉంటాది. సార్ అంత ప్రేమగా చెప్పినాడు కదా, వద్దంటే మీరు ఏమనుకుంటారో అని తింటా ఉన్న్యాము.”

మార్తా మెట్ల మీద కూలబడి నవ్వింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఎనిమిది వారాలుగా తను వాళ్ల కోసం వండుతోంది, వాళ్లు తన కోసం తింటున్నారు.

ఆ వారం నుంచి కిందికి ట్రే వెళ్లలేదు. “పిల్లలు ఏమనుకుంటారో,” అన్నాడు క్రిస్టో. “అడిగాను. వాళ్లకి వండుకోవడం వచ్చునట,” అంది మార్తా. అతను కొంచెం నొచ్చుకున్నట్టు చూశాడు, తను ఇచ్చిన బహుమతిని ఎవరో తిరిగి పంపినట్టు.

నవంబరు మూడో శనివారం డౌన్‌టౌన్‌లో ఒక కమ్యూనిటీ హాల్లో ఈ ఆటకి పోటీ ఉందని రూప చెప్పింది. ఎవరైనా ఆడొచ్చు. రెండుసార్లు ఓడితే ఇంటికి. ఇద్దరూ పేర్లిచ్చారు. ఆ ముందు గురువారం రాత్రి భోజనాల దగ్గర క్రిస్టో, తన పాత సీనియర్ కేశవరావు గారు న్యూజెర్సీ నుంచి పక్క ఊరు వాటర్లూకి మారారని, శనివారం లంచ్‌కి పిలిచానని చెప్పాడు.

“ఎక్కువమంది కాదు, ఆరుగురే. ఆయనకి నీ చేపల పులుసు గురించి ఎప్పుడో చెప్పా.”

“శనివారం నేను ఉండనండి,” అంది మార్తా.

“క్లినిక్‌కి పిలిచారా?”

“కాదు. ఆట ఉంది. పోటీ.”

క్రిస్టో చెంచా కింద పెట్టాడు. “గేమా? కింద పిల్లలతో ఆడతావే, అదా?” కోపం కాదు, నిజంగానే అర్థంకాలేదు అతనికి. “మార్తా, ముప్పై నాలుగేళ్లొచ్చాయి మనకి. వాళ్లొచ్చి అడిగితే ఏం చెప్పను? మా ఆవిడ వీడియో గేమ్ ఆడ్డానికి వెళ్లిందని చెప్పనా?”

అతను ఆగాడు. కిందటి ఏడాది అయితే ఇక్కడ ఒక పోనీలెండి వచ్చి పడేది. మార్తా తన పళ్లెం పక్కకి జరిపింది.

“అవునండీ. అలాగే చెప్పండి,” అంది. “చేపలు ఫ్రీజర్‌లో ఉన్నాయి. చింతపండు రెండో అరలో ఉంది. కాదంటే బయటినుంచి తెప్పించండి. తేదీ మార్చుకుంటామన్నా వాళ్లు ఏమీ అనుకోరు.”

“కెన్ ఐ గో విత్ మామ్?” అంది ఏనీ, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

శనివారం పొద్దున ఆ ఏటి మొదటి మంచు పడింది. మార్తా, ఏనీ, రూప బస్సులో వెళ్లారు. హాల్లో వరసగా బల్లలు, బల్లకి రెండు టీవీలు, నలభైమంది దాకా మనుషులు. ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లే. పేర్లు రాసుకునే అతను కంప్యూటర్ లోంచి తల ఎత్తి, ఏనీ వైపు వంగి, “నీ పేరేంటి చాంపియన్?” అన్నాడు. మార్తాతో, తల్లిదండ్రులు కూర్చోవడానికి గోడవార కుర్చీలు ఉన్నాయని మర్యాదగా చెప్పాడు.

“ఆడేది నేను,” అంది మార్తా. తెరమీద వేసుకునే పేరు అడిగితే కర్రపిన్ని అని ఇంగ్లిషు అక్షరాల్లో టైప్ చేసింది. మైకులో అతను దాన్ని నానా రకాలుగా విరిచి పలికాడు. పిలిచిన ప్రతిసారీ రూప పొట్ట పట్టుకుని నవ్వింది.

మొదటి ఆట ఓడిపోయింది. పొడుగాటి కుర్రాడొకడు రెండు నిమిషాల్లో పని ముగించి, లేచి కరచాలనం చేసి వెళ్లాడు. ఆమె చేతులు చల్లగా అయిపోయాయి. ఏనీ ఆ చేతుల్ని తన ఉన్ని చేతితొడుగుల్లో దూర్చి కాసేపు పట్టుకుంది. ఇంకొక్కటి ఓడితే బస్సెక్కడమే. రెండో ఆటలో ఎదురుగా కూర్చున్నవాడు మొదటి నుంచీ ఆగకుండా బాదాడు. మార్తా అన్నీ ఆపింది. వాడు ఒక్క పెద్ద దెబ్బ గురితప్పగానే వెళ్లి తన వంతు తీసుకుంది. మళ్లీ ఆపింది, మళ్లీ తీసుకుంది. గెలిచినట్టు తెరమీద వచ్చేదాకా ఆమెకి తెలియలేదు. మూడోదీ గెలిచింది. నాలుగో ఆటకి మైకులో తన పేరు తర్వాత రూప పేరు వినిపించింది. రూప కూడా అప్పటికి ఒకటి ఓడి ఉంది. ఇద్దరిలో ఒకరు ఇక్కడితో ఆగిపోవాలి.

“జాలి గీలి చూపియ్యకు అక్కా,” అంది రూప కూర్చుంటూ.

“నువ్వెప్పుడు చూపించావని?”

మొదటి రౌండు రూపది, రెండోది మార్తాది. మూడోది సగంలో ఉండగా బల్లమీద ఫోన్ గిర్రున తిరగడం మొదలుపెట్టింది. క్రిస్టో. ఆగింది, మళ్లీ మోగింది. మార్తా కళ్లు తెరమీంచి తిప్పలేదు. ఏనీ ఫోన్ తీసుకుని గోడవైపు తిరిగి, గొంతు తగ్గించి చెప్పడం ఆమెకి వినిపించింది. “నో డాడ్, షీ కాంట్. దేర్ ఈజ్ నో పాజ్ బటన్ హియర్.”

ఇద్దరికీ ప్రాణం ఒక్క దెబ్బకి సరిపడా మిగిలింది. ఇలాంటప్పుడు రూప ఎగురుతుంది. తను ఎగురుతుందని మార్తాకి తెలుసని రూపకీ తెలుసు. అందుకే ఎగరకుండా, ముడుచుకుని కింద కూర్చుంది. మార్తా కర్ర ఎత్తలేదు, వెనక్కి జరగలేదు. పిన్నిని ఊరికే ముందుకు నడిపించింది. ఒకడుగు, ఇంకో అడుగు, బజారుకి వెళ్తున్నట్టు. రూప ఆ నడకనే చూస్తూ ఉండిపోయింది. అలా కాచుకుని కూర్చున్న బొమ్మకి దెబ్బ తగలదు గానీ, దాన్ని పట్టుకుని విసిరేయొచ్చు. దగ్గరికి వెళ్లి పిన్ని ఆ బొమ్మని రెండు చేతులా ఎత్తి అవతల పడేసింది.

“ఓయమ్మో!” అని రూప అరిచిన అరుపుకి హాలంతా ఇటు తిరిగింది. ఆమె లేచి మార్తాని గట్టిగా కావలించుకుంది. తర్వాతి ఆటలో కళ్లజోడు పెట్టుకున్న ఒకమ్మాయి మార్తాని చిత్తుగా ఓడించి, ఆ నడక ఎలా వచ్చిందో ఇంకోసారి చూపించమని అడిగింది. ఇద్దరూ ఖాళీగా ఉన్న టీవీ దగ్గర ఇంకో గంట కూర్చున్నారు.

ఇల్లు చేరేసరికి నాలుగున్నర. భోజనానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. వంటింట్లో మాడిన వాసన. గట్టు మీద మూడు గిన్నెలు నానుతున్నాయి. క్రిస్టో చొక్కా చేతులు పైకి మడిచి నాలుగోదాన్ని తోముతున్నాడు.

“అన్నం మెత్తగా అయిపోయింది,” అన్నాడు తల తిప్పకుండా. “పెరుగన్నం చేసేశా. కేశవరావు గారు రెండుసార్లు వడ్డించుకున్నారు. చింతపండు ఎంత వేయాలో అడుగుదామని ఫోన్ చేశా. తాలింపు మాడిపోయింది, చేపలు వదిలేసి పిజ్జాలు తెప్పించా.”

“బాగుందా?”

“విశాలాక్షి గారు అడిగారు, ఏం గేమ్ అని.” కేశవరావు గారి భార్య ఆవిడ. క్రిస్టో కుళాయి కట్టేసి, తడి చేతులతో అలాగే నిలబడ్డాడు. “నాకు పేరు తెలీలేదు. ఎన్నాళ్ల నుంచి ఆడుతోంది అని అడిగారు. చిన్నప్పట్నుంచి, మధ్యలో కొన్నేళ్లు మానేసింది అన్నా. మరి ఎందుకు మానేసిందన్నారు.”

“ఏం చెప్పారు?”

“ఏం చెప్పలేదు.”

ఏనీ బూట్లు విప్పకుండానే వచ్చి, అమ్మ పదమూడో స్థానంలో వచ్చిందని, నలభై ఒక్కమందిలో అని, రూపక్కని ఎత్తి పడేసిందని ఇంగ్లిషులో గబగబా చెప్పి కిందికి పరిగెత్తింది. మార్తా గిన్నెలో మిగిలిన పెరుగన్నం పళ్లెంలో పెట్టుకుని, అక్కడే స్టూలు మీద కూర్చుని తింది. ఉప్పు తక్కువైంది. ఆకలి మీద బాగానే ఉంది. కిటికీ అవతల మంచు మీద ఎండ పచ్చగా వాలుతోంది.

“పదమూడు,” అన్నాడు క్రిస్టో, ఆ అంకెని చేత్తో తూచి చూస్తున్నట్టు. “వచ్చే నెల కూడా ఉంటుందా ఇది?”

“ప్రతి నెలా. మూడో శనివారం.”

“మరి ఆ రోజు వంట నువ్వేం చేస్తా...” అని మధ్యలో ఆగాడు. గిన్నె వంక చూశాడు, ఆమె వంక చూశాడు. “ఏం చేద్దాం?” అన్నాడు.

ఇల్లు కొన్నప్పుడు, కారు మార్చినప్పుడు, ఏనీని ఏ బడిలో వేయాలో అనుకున్నప్పుడు అతని నోటివెంట ఆ చేద్దాం చాలాసార్లు విన్నది. వంటింట్లో వినడం ఇదే. వెంటనే జవాబు ఆమె నాలుక చివరిదాకా వచ్చేసింది. శుక్రవారమే పులుసు పెట్టి ఫ్రిజ్‌లో ఉంచేస్తాననీ, పొద్దున్నే అన్నం వండేసి వెళ్తాననీ, బెండకాయలు కూడా ముందే తరిగేస్తాననీ. మార్తా ఆ మూడింటినీ పెరుగన్నంతో పాటు మింగేసింది.

“మీరే ఆలోచించి చెప్పండి,” అని, గిన్నె దగ్గరికి లాక్కుని ఇంకో గరిటె వడ్డించుకుంది.